సత్తా చూడాలా, ఖాళీ చూడాలా: ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ లెక్కలు

2020 ఏప్రిల్‌లో కోవిడ్ కారణంగా అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ తన డ్రాఫ్ట్‌ను, అంటే కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే తంతును, ఆన్‌లైన్‌లో జరిపింది. జట్ల జనరల్ మేనేజర్లు ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని కాలేజీ కుర్రాళ్లను ఎంచుకున్నారు. ఫిలడెల్ఫియా ఈగల్స్‌కు ఆ ఏడాది బంతి అందుకునే రిసీవర్లు అత్యవసరం. అంతకుముందు సీజన్‌లో ఉన్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు గాయాలతో బెంచీకి చేరారు. 21వ పిక్ దగ్గర వాళ్ల వంతు వచ్చేసరికి జస్టిన్ జెఫర్సన్, జేలెన్ రేగర్ అనే ఇద్దరు రిసీవర్లూ మిగిలే ఉన్నారు. ఈగల్స్‌కు కావలసింది మైదానం అంచున వేగంగా దూసుకుపోయేవాడు. జెఫర్సన్ కాలేజీలో చివరి ఏడాది ఎక్కువగా లోపలివైపు, స్లాట్ అనే చోట ఆడాడు. అందుకే రేగర్‌ను తీసుకున్నారు. ఆ వెంటనే మిన్నెసోటా వైకింగ్స్ జెఫర్సన్‌ను పట్టుకుపోయింది. అతను మొదటి సీజన్‌లోనే 1,400 గజాలు సాధించాడు. 2022లో లీగ్‌లోనే ఉత్తమ అఫెన్స్ ఆటగాడయ్యాడు. రేగర్ మాత్రం రెండు సీజన్లు ఆడినా నిలదొక్కుకోలేదు, చివరికి అతన్ని ట్రేడ్ చేసేశారు. ఎవరికి అనుకుంటున్నారు? అదే వైకింగ్స్‌కు.

అదే డ్రాఫ్ట్‌లో, అదే జనరల్ మేనేజర్ హోవీ రోజ్‌మన్, రెండో రౌండులో 53వ పిక్‌తో జేలెన్ హర్ట్స్ అనే క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకున్నాడు. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి విసిరేవాడు, జట్టు మొత్తాన్ని నడిపేవాడు. ఈగల్స్‌కు అప్పటికే కార్సన్ వెంట్జ్ ఉన్నాడు. ఏడాది కిందటే నాలుగేళ్లకు 12.8 కోట్ల డాలర్ల కాంట్రాక్టు కూడా ఇచ్చారు. ఉన్నవాడికి అంత పోసి మళ్లీ ఇంకొకడెందుకని అభిమానులు మండిపడ్డారు. ఆ డిసెంబరుకల్లా వెంట్జ్ బెంచీ మీదికి వెళ్లాడు, తర్వాత ఊరే వదిలాడు. 2025 ఫిబ్రవరిలో ఈగల్స్ 40-22తో కాన్సాస్ సిటీని ఓడించి సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, గెలిచినప్పుడు ఆ మ్యాచ్ ఉత్తమ ఆటగాడు హర్ట్స్.

ఖాళీ చూసి తీసుకున్నది బెడిసికొట్టింది, సత్తా చూసి తీసుకున్నది కలిసొచ్చింది. ఈ రెండు పిక్‌లూ పక్కపక్కన పెట్టి చూస్తే పాఠం తేలిగ్గానే కనిపిస్తుంది: ఎప్పుడూ మిగిలినవాళ్లలో మేటివాణ్ని తీసుకో, ఖాళీల సంగతి తర్వాత చూసుకో. అక్కడ దీన్నే ‘బెస్ట్ ప్లేయర్ అవైలబుల్’ అంటారు. డ్రాఫ్ట్‌కు ముందు ప్రెస్ మీట్‌లో ఏ జనరల్ మేనేజర్‌ని అడిగినా ఇదే జవాబు. కానీ దగ్గరగా చూస్తే సత్తా, అవసరం రెండూ విడివిడిగా ఉండే సంగతులు కావు. అవసరం ఎప్పుడో సత్తా లెక్కలోకి దూరి కూర్చుంటుంది. అది దూరిందని గుర్తించే జట్లు కొన్నే.

క్రికెట్‌కు అలవాటుపడిన మనకు ముందుగా ఒక తేడా తెలియాలి. ఐపీఎల్ వేలంలో ఎవరికి ఎంత అవసరమో డబ్బే చెప్పేస్తుంది. సన్‌రైజర్స్‌కు ఒక ఫాస్ట్ బౌలర్ బాగా కావాలంటే ప్యాడిల్ ఎత్తుతూ పోవచ్చు, పర్సు అయిపోయేదాకా. ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో పాట ఉండదు. ఉండేది వంతు. మొత్తం 32 జట్లు, ఏడు రౌండ్లు, 250 పైచిలుకు పిక్‌లు. కిందటి సీజన్‌లో అందరికన్నా చెత్తగా ఆడిన జట్టు మొదట ఎంచుకుంటుంది, సూపర్ బౌల్ గెలిచిన జట్టు చివర. ఎంపికైన కుర్రాడికి ఇంకో జట్టుతో బేరమాడే వీల్లేదు. మీ వంతు వచ్చినప్పుడు గడియారం మొదలవుతుంది. 2008 నుంచి చాలాకాలం పాటు మొదటి రౌండులో ఒక్కో పిక్‌కు ఇచ్చిన గడువు 10 నిమిషాలు. ఆలోగా ఒక పేరు చెప్పాలి, లేదా ఆ వంతును ఇంకొకరికి అమ్ముకోవాలి.

ఈ పద్ధతి బెర్ట్ బెల్ ఆలోచన. అప్పట్లో ఈగల్స్ యజమాని అతనే. డబ్బున్న జట్లే మంచి ఆటగాళ్లందరినీ ఎత్తుకుపోతుంటే తనలాంటివాళ్లకు ఎవరూ దక్కడం లేదని మిగతా యజమానులను ఒప్పించి దీన్ని పెట్టించాడు. 1936లో మొదటి డ్రాఫ్ట్ జరిగింది. మొట్టమొదటి పిక్ ఆ బెల్ జట్టుదే. ఎంచుకున్న కుర్రాడు జే బర్వాంగర్. అతను ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. మొదటి పిక్కే అలా పోయిన ఆట ఇది.

ఇక బోర్డు సంగతి. ప్రతి జట్టుకూ స్కౌట్లుంటారు. వాళ్లు ఏడాదంతా కాలేజీల వెంట తిరుగుతారు, వీడియోలు చూస్తారు, ఇండియానాపోలిస్‌లో జరిగే కంబైన్ అనే పరీక్షల శిబిరంలో కుర్రాళ్లు 40 గజాలు ఎంత వేగంగా పరిగెత్తారో రాసుకుంటారు, కోచ్‌లతో మాట్లాడతారు, మోకాళ్ల స్కాన్లు తిరగేస్తారు. ఇదంతా చివరికి ఒక్కో ఆటగాడికి ఒక్కో గ్రేడ్‌గా మారుతుంది. ఆ గ్రేడ్ల ప్రకారం పేర్లు గోడ మీదికి ఎక్కుతాయి. ఆ గోడే బోర్డు.

దీన్ని శాస్త్రంలా మార్చాలని గట్టిగా పూనుకున్న తొలి జట్టు డల్లాస్ కౌబాయ్స్. ఇప్పుడా జట్టు ఆఫీసూ ప్రాక్టీసు మైదానాలూ ఉన్న ఫ్రిస్కోలో తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు గనక ఇది కొందరికి ఇంటిపక్క కథే. 1960ల్లో ఆ జట్టును నడిపిన టెక్స్ శ్రామ్‌కు కంప్యూటర్‌తో ఆటగాళ్లను అంచనా వేయించాలన్న పట్టుదల ఉండేది. ఆ పని చేసిపెట్టిన మనిషి సలాం ఖురేషీ. అలీగఢ్ నుంచి వెళ్లిన గణాంక నిపుణుడు, ఐబీఎం అనుబంధ సంస్థలో ఉద్యోగి. ఆయనకు క్రికెట్ తెలుసు, అమెరికన్ ఫుట్‌బాల్ తెలియదు. ఒక రకంగా అదే మేలైంది. స్కౌట్లు తలో రకంగా రాసే మాటలను అందరికీ ఒకేలా అర్థమయ్యే అంకెల్లోకి మార్చడం ఎలాగన్న ప్రశ్న మీదే ఆయన కూర్చున్నాడు. ఏ కుర్రాడు తమ జట్టులో ఎక్కడ ఆడతాడన్న ఆలోచన ఆ అంకెల్లో లేదు.

అలా చూసే జట్టు గనకే 1964లో కౌబాయ్స్ పదో రౌండులో రోజర్ స్టాబాక్‌ను తీసుకోగలిగింది. అతను నేవీ అకాడమీ క్వార్టర్‌బ్యాక్. చదువు తర్వాత నేవీలో పనిచేయాలి, అంటే 1969 దాకా జట్టులోకి రాలేడు. ఆ రోజున ఉన్న ఏ ఖాళీనీ అతను నింపలేడు. తర్వాత రెండు సూపర్ బౌల్‌లు తెచ్చిపెట్టాడు.

ఇప్పుడు అసలు చిక్కు. గ్రేడ్లు అంటే మనం ర్యాంకుల్లా ఊహించుకుంటాం: 1, 2, 3... అని. నిజానికి చాలా జట్ల బోర్డు మెట్లుమెట్లుగా ఉంటుంది. పైమెట్టులో నలుగురో ఐదుగురో, ఆ కింద ఎనిమిది మంది, ఆ కింద ఇరవై మంది. ఒకే మెట్టు మీద ఉన్నవాళ్ల మధ్య తేడా ఎంతో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఈ మాట ఊరికే అనడం లేదు. కేడ్ మాస్సీ, రిచర్డ్ థేలర్ అనే ఇద్దరు పరిశోధకులు ఏళ్ల తరబడి డ్రాఫ్ట్‌లను లెక్కేశారు. థేలర్‌కు తర్వాత ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఒకే పొజిషన్‌లో వెంటవెంటనే ఎంపికైన ఇద్దరిలో ముందు తీసుకున్నవాడే తర్వాతివాడికన్నా మెరుగ్గా ఆడింది ఎన్నిసార్లని చూస్తే సుమారు 52 శాతం తేలింది. బొమ్మాబొరుసూ వేసినా 50 వస్తుంది.

అంటే బోర్డు మీద పదో పేరుకూ పదమూడో పేరుకూ నడుమ ఉన్న తేడా చాలావరకు మన భ్రమ. అక్కడ అవసరం చూసి ఎంచుకుంటే నష్టం లేదు. మెట్టు మారినప్పుడే ప్రమాదం. పైమెట్టు మీద మీకు అక్కర్లేని రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) ఒకడు మిగిలి ఉండగా, మీకు అవసరమైన టాకిల్ (క్వార్టర్‌బ్యాక్‌కు కాపు కాసేవాడు) కోసం రెండు మెట్లు దిగి తీసుకోవడాన్నే అక్కడ ‘రీచ్’ అంటారు. స్థూలంగా అన్ని జట్లూ ఒప్పుకునే సూత్రం ఇదే: మెట్టును సత్తా నిర్ణయించాలి, ఒకే మెట్టు మీద ఎవరన్నది అవసరం నిర్ణయించవచ్చు.

సూత్రం బాగానే ఉంది. పాటించాలంటే ఎంత గుండె కావాలో చెప్పడానికి బాల్టిమోర్ కథే గతి.

1996. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టును యజమాని ఆర్ట్ మోడెల్ బాల్టిమోర్‌కు తరలించి, కొత్త ఊళ్లో రేవెన్స్ అని కొత్త పేరు పెట్టి నెల కూడా కాలేదు. ఆటగాళ్ల ఎంపిక బాధ్యత ఓజీ న్యూసమ్‌ది. బ్రౌన్స్‌కు ఆడినప్పుడు గొప్ప పేరున్నవాడే గానీ ఈ పనిలో అది మొదటి డ్రాఫ్ట్. జట్టుకు రన్నింగ్ బ్యాక్ కావాలి. నెబ్రాస్కా నుంచి వస్తున్న లారెన్స్ ఫిలిప్స్ ఆ ఏడాది రన్నింగ్ బ్యాక్‌లలో మేటి. యజమాని మనసు అతని మీదే ఉంది. కొత్త ఊళ్లో టిక్కెట్లు అమ్మాలంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాడు కావాలి మరి, అడ్డుగోడలా నిలబడే టాకిల్‌ను చూడ్డానికి ఎవరొస్తారు?

నాలుగో పిక్ దగ్గర బాల్టిమోర్ వంతు వచ్చింది. ముందే ఎవరో తీసుకుపోతారనుకున్న యూసీఎల్ఏ కుర్రాడు జొనాథన్ ఆగ్డెన్ మిగిలిపోయాడు. రేవెన్స్ బోర్డు మీద మిగిలినవాళ్లందరికన్నా పైన ఉన్న పేరు అతనిదే. అతను లెఫ్ట్ టాకిల్. క్వార్టర్‌బ్యాక్ వీపువైపు కాపు కాసేవాడు. రేవెన్స్‌కు ఆ స్థానంలో టోనీ జోన్స్ అనే నికరమైన ఆటగాడు అప్పటికే ఉన్నాడు. ఖాళీ లేదు. న్యూసమ్ బోర్డునే నమ్మి ఆగ్డెన్ పేరు చెప్పాడు. మొదటి ఏడాది అతన్ని గార్డ్‌గా, అంటే అతనిది కాని చోట ఆడించారు. మర్నాటి ఏడాది జోన్స్‌ను డెన్వర్‌కు ట్రేడ్ చేసి ఆగ్డెన్‌ను అతని చోటికి జరిపారు. అదే రౌండులో 26వ పిక్‌తో రే లూయిస్ అనే లైన్‌బ్యాకర్‌ను, అంటే డిఫెన్స్ ఆటగాణ్ని, తీసుకున్నారు. తర్వాత 2000 సీజన్‌లో రేవెన్స్ సూపర్ బౌల్ గెలిచింది, ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడు లూయిస్. ఇద్దరూ మేటి ఆటగాళ్లకు దక్కే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరారు. ఫిలిప్స్‌ను ఆరో పిక్‌తో సెయింట్ లూయిస్ తీసుకుంది. రెండో సీజన్ ముగియకుండానే వదిలించుకుంది.

ఈ కథలో నాకు ఆసక్తి కలిగించేది ఆగ్డెన్ గొప్పవాడు కావడం కాదు, అది తర్వాత తేలిన సంగతి. ఆ రోజున న్యూసమ్ చేతిలో ఉన్నది ఒక గ్రేడ్ మాత్రమే. యజమాని కోరికనూ జట్టు ఖాళీనీ చూశాక కూడా ఆ గ్రేడ్‌ను దిద్దకపోవడమే అతను చేసిన పని. చాలాచోట్ల దిద్దుతారు. మోసం చేయాలని కాదు. మార్చి నెలంతా కోచ్ వచ్చి మనకు రిసీవర్ లేడు, రిసీవర్ లేడు అని గోలపెడుతుంటే, ఏప్రిల్‌లో రిసీవర్ల వీడియోలు చూసే స్కౌట్ కంటికి వాళ్లు కాస్త మెరుగ్గానే కనిపిస్తారు. ముహూర్తాలు దాటిపోతున్నాయన్న కంగారులో ఉన్న ఇంటికి వచ్చిన ప్రతి సంబంధమూ బాగానే ఉన్నట్టు తోస్తుంది. అలా అర మెట్టు పైకి ఎక్కిన కుర్రాణ్ని డ్రాఫ్ట్ రోజున తీసుకుని, మా బోర్డులో మిగిలినవాళ్లలో ఇతనే మేటి అని ప్రకటిస్తారు. అబద్ధం కాదు. వాళ్ల బోర్డులో నిజంగానే అతను పైన ఉన్నాడు.

రేగర్ విషయంలో జరిగింది ఇదే జాతి తప్పు అని నా అభిప్రాయం. రిసీవర్ కావాలన్న అవసరం తప్పు కాదు, జెఫర్సన్ కూడా రిసీవరే. ఎలాంటి రిసీవర్ అన్న దగ్గర అవసరం లోపలికి దూరి ఇద్దరి వరుసను తిప్పేసింది. బయటినుంచి చూసేవాళ్లకు అది కనిపించదు, ఎందుకంటే కాగితం మీద రెండూ ఒకే పొజిషన్.

అలాగని ఖాళీలను బొత్తిగా పట్టించుకోకపోతే? డెట్రాయిట్ లయన్స్‌ను అడగాలి. 2003లో రెండో పిక్‌తో చార్లెస్ రోజర్స్, రిసీవర్. 2004లో ఏడో పిక్‌తో రాయ్ విలియమ్స్, రిసీవర్. 2005లో పదో పిక్‌తో మైక్ విలియమ్స్, మళ్లీ రిసీవరే. రోజర్స్ మొదటి రెండు సీజన్లలోనూ మెడ కింది ఎముక విరగ్గొట్టుకున్నాడన్నది నిజమే, కాబట్టి మూడోవాడు అక్కర్లేదని పూర్తిగా అనలేం. కానీ ఆ మూడోవాడు అంతకుముందు ఏడాదంతా మైదానం మొహమే చూడలేదు. అతని తర్వాతి పిక్‌లోనే డల్లాస్ డిమార్కస్ వేర్‌ను తీసుకుంది. ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్‌లను పడగొట్టడమే పనిగా పెట్టుకున్న వేర్ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. లయన్స్ 2008లో పదహారు మ్యాచ్‌లు ఆడి పదహారూ ఓడింది. ఇందులో విచిత్రమేమంటే 2007లో వాళ్లు రెండో పిక్‌తో ఇంకో రిసీవర్‌ను తీసుకున్నారు. ఊరంతా నవ్వింది. అతను కాల్విన్ జాన్సన్, అతనూ హాల్ ఆఫ్ ఫేమ్ ఆటగాడే. 0-16 జట్టులో ఉన్న మణిపూస. ఒక్క రిసీవర్ ఎంత గొప్పవాడైనా బంతి విసిరేవాడూ కాపు కాసేవాడూ లేకపోతే ఏం చేస్తాడు?

ఇక్కడ డబ్బు లెక్క ఒకటి ఉంది. 2011 తర్వాతి డ్రాఫ్ట్‌లు అర్థం కావాలంటే అది తెలియక తప్పదు. 2010లో మొదటి పిక్ అయిన క్వార్టర్‌బ్యాక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్ల కాంట్రాక్టు దక్కింది, ఒక్క మ్యాచ్ ఆడకముందే. మరుసటి ఏడాది యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ కొత్త ఒప్పందం కుదిరి కొత్తవాళ్ల జీతాలకు కళ్లెం పడింది. 2011లో మొదటి పిక్ కామ్ న్యూటన్‌కు వచ్చింది నాలుగేళ్లకు 2.2 కోట్లు. అప్పటినుంచి జీతం పిక్ నంబరును బట్టి దాదాపు స్థిరం. రెండో పిక్ క్వార్టర్‌బ్యాక్ అయినా రన్నింగ్ బ్యాక్ అయినా ఇంచుమించు అంతే.

బయటి మార్కెట్‌లో మాత్రం ధరలు అలా లేవు. 2024లో డల్లాస్ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కు ఏడాదికి 6 కోట్ల డాలర్లు. 2025లో సేక్వాన్ బార్క్లీ కొత్త కాంట్రాక్టు రన్నింగ్ బ్యాక్‌లందరిలో రికార్డు, అది ఏడాదికి 2 కోట్ల పైచిలుకు. జట్టు మొత్తం జీతాల మీద పరిమితి ఉన్న లీగ్ ఇది. డ్రాఫ్ట్‌లో దొరికిన మంచి క్వార్టర్‌బ్యాక్ నాలుగేళ్లపాటు మిగిల్చే డబ్బుతో నలుగురైదుగురు స్టార్లను కొనుక్కోవచ్చు. మంచి రన్నింగ్ బ్యాక్ మిగిల్చేది తక్కువ. కాబట్టి గ్రేడ్ ఒకటే అయినా విలువ ఒకటి కాదు. తెలివైన జట్లు ఈ పొజిషన్ ధరను కూడా గ్రేడ్‌లో కలిపేస్తాయి.

2018లో న్యూయార్క్ జెయింట్స్ కలపలేదు. రెండో పిక్‌తో ఈ బార్క్లీనే తీసుకుంది. ఆ డ్రాఫ్ట్‌లో అతనికన్నా మెరుగైన అథ్లెట్ లేడని చాలామంది స్కౌట్లు ఒప్పుకుంటారు. కానీ జట్టు క్వార్టర్‌బ్యాక్ ఈలై మానింగ్‌కు అప్పటికే 37 ఏళ్లు. క్వార్టర్‌బ్యాక్‌లలో జాష్ ఆలెన్ ఏడో పిక్ దాకా, లామార్ జాక్సన్ 32వ పిక్ దాకా మిగిలే ఉన్నారు. మర్నాటి ఏడాది జెయింట్స్ ఆరో పిక్‌తో డేనియల్ జోన్స్ అనే క్వార్టర్‌బ్యాక్‌ను వెతుక్కోవలసి వచ్చింది. బార్క్లీ ఆరేళ్లు అక్కడ ఓడుతూ ఓడుతూ, 2024లో ఈగల్స్‌కు వెళ్లి ఆ సీజన్‌లోనే 2,005 గజాలు పరిగెత్తి సూపర్ బౌల్ గెలిచాడు. అతని సత్తా గురించి జెయింట్స్ ఒక్క ముక్క కూడా తప్పు అంచనా వేయలేదు. ఇలాంటి కేసు దొరకడం అరుదు: గ్రేడ్ సరైనదే, ఎంపిక తప్పు.

జాక్సన్‌ను తీసుకున్నది ఎవరో చెప్పలేదు కదూ. బాల్టిమోరే. న్యూసమ్ చివరి డ్రాఫ్ట్ అది, జట్టుకు సూపర్ బౌల్ గెలిపించిన జో ఫ్లాకో ఇంకా క్వార్టర్‌బ్యాక్‌గా ఉన్నాడు.

కాలం అనే ముడి విప్పితే గానీ ఇదంతా పూర్తిగా తేలదు. డ్రాఫ్ట్ ఏప్రిల్ చివర్లో, సీజన్ సెప్టెంబరులో. అవసరం అని మనం అనేది ఈ సెప్టెంబరు అవసరం. కాంట్రాక్టు మాత్రం నాలుగేళ్లది, మొదటి రౌండు కుర్రాణ్ని జట్టు తలుచుకుంటే ఐదో ఏడాది కూడా ఉంచుకోవచ్చు. ఇవాళ నిండుగా కనిపించే చోటు రెండేళ్లలో గాయంతోనో వయసుతోనో జీతం పేచీతోనో ఖాళీ అవుతుంది. ఈ ఆటలో ఎముకలు ఎంత తేలిగ్గా విరుగుతాయో తెలిసినవాడెవడూ ‘మాకు అక్కడ అవసరం లేదు’ అని గట్టిగా అనలేడు.

గ్రీన్ బే ప్యాకర్స్ 2005లో ఆరన్ రోజర్స్ అనే క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకున్న తీరు దీనికి పేరుపడ్డ ఉదాహరణ. మొదటి పిక్ కావచ్చనుకున్న రోజర్స్ న్యూయార్క్‌లో కెమెరాల ముందు గంటల తరబడి కూర్చుని 24వ పిక్ దాకా జారాడు. గ్రీన్ బేకు క్వార్టర్‌బ్యాక్‌గా అప్పటికే బ్రెట్ ఫార్వ్ ఉన్నాడు, 1992 నుంచి ఒక్క మ్యాచ్ కూడా తప్పకుండా ఆడుతూ వస్తున్నాడు. కొత్తగా వచ్చిన జనరల్ మేనేజర్ టెడ్ థామ్సన్ అయినా రోజర్స్‌నే తీసుకున్నాడు. అందరూ గుర్తుపెట్టుకునేది తర్వాతి కథ: మూడేళ్లు బెంచీ, ఆపైన సూపర్ బౌల్, నాలుగుసార్లు లీగ్ ఉత్తమ ఆటగాడి బహుమతి. మధ్యలో జరిగింది ఎక్కువమందికి గుర్తులేదు. ఆ 2005 సీజన్‌లో ప్యాకర్స్ నాలుగు గెలిచి పన్నెండు ఓడింది. హెడ్ కోచ్ మైక్ షెర్మన్ ఉద్యోగం పోయింది. జట్టు చేతిలోని అతి విలువైన పిక్ ఆ ఏడాది అతనికి ఒక్క గెలుపు కూడా తేలేదు. ఆ పిక్ ఫలం తిన్నది అతని తర్వాత వచ్చిన కోచ్.

సత్తానా అవసరమా అన్న వాదన చాలాసార్లు ఫుట్‌బాల్ గురించి కానే కాదని నాకు అనిపించేది ఇందుకే. అది ఎవరి ఉద్యోగం ఎన్నాళ్లుంటుందన్న వాదన. కొత్తగా కుర్చీ ఎక్కిన, యజమాని అండ ఉన్న జనరల్ మేనేజర్ మూడేళ్ల తర్వాత పండే మొక్క నాటగలడు. ఈ సీజన్ ఓడితే ఇంటికే అని తెలిసిన కోచ్‌కు సెప్టెంబరులో మైదానంలోకి దిగేవాడే కావాలి. ఇద్దరూ తమ తమ చోట సరిగ్గానే ఆలోచిస్తున్నారు. వాళ్లిద్దరూ ఒకే గదిలో ఒకే బోర్డు చూస్తూ కూర్చుంటారు, టెన్షన్ అంతా అక్కడే.

తెలివైన జట్లు ఈ పేచీ డ్రాఫ్ట్ రోజుదాకా రాకుండా మార్చిలోనే సర్దుకుంటాయి. కాంట్రాక్టు ముగిసిన ఆటగాళ్లు ఫ్రీ ఏజెంట్లుగా మార్కెట్‌లోకి వచ్చేది అప్పుడే. గొప్పవాళ్లను కొననక్కర్లేదు. ప్రతి ఖాళీలో ఒక మాదిరి ఆటగాణ్ని చవగ్గా పెట్టుకుంటే చాలు, ఏప్రిల్‌లో ఏ పొజిషన్ కోసమూ వెంపర్లాడే పని ఉండదు. ఇంకో దారి వంతును అమ్ముకోవడం. 1990ల మొదట్లో డల్లాస్ కోచ్ జిమ్మీ జాన్సన్ దగ్గర ఒక పట్టిక ఉండేది. జట్టులో వాటా ఉన్న మైక్ మెకాయ్ అనే ఇంజనీరు తయారుచేసింది. మొదటి పిక్‌కు 3,000 పాయింట్లు, పదహారో పిక్‌కు 1,000, అలా ప్రతి వంతుకూ ఒక ధర. మీ బోర్డు పైమెట్టు మీద మీకు అక్కర్లేనివాడే మిగిలితే, అతను కావలసిన జట్టుకు ఆ వంతు ఇచ్చేసి వెనక్కి జరిగి రెండు పిక్‌లు తీసుకోవచ్చు. చెప్పినంత తేలిక కాదు, అవతల కొనేవాడు ఉండాలి, గడియారం నడుస్తుంటుంది.

ఇంత చెప్పినా తేలని కేసులుంటాయి. నాకు తెలిసి వాటిలో గొప్పది 2021 సిన్సినాటి బెంగాల్స్‌ది.

అంతకు ముందు ఏడాది మొదటి పిక్‌తో వాళ్లు జో బరో అనే క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చుకున్నారు. నవంబరులో అతని మోకాలి లిగమెంట్ చిరిగింది. కాపు కాసే లైన్ అంత అధ్వానంగా ఉంది. 2021లో ఐదో పిక్ వాళ్లది. ఎదురుగా ఇద్దరు: ఒరెగాన్ టాకిల్ పెనే సూయెల్, బరోతో కలిసి కాలేజీలో ఆడిన రిసీవర్ జమార్ చేజ్. అవసరం ఏదో చిన్నపిల్లాడైనా చెబుతాడు. బెంగాల్స్ చేజ్‌ను తీసుకుంది. చేజ్ ఆ ఏడాది 1,455 గజాలు సాధించాడు, 31 ఏళ్ల తర్వాత జట్టు ప్లేఆఫ్ మ్యాచ్ గెలిచింది, సూపర్ బౌల్ దాకా వెళ్లింది. కానీ బరో ఆ సీజన్‌లో 51 సార్లు నేలకూలాడు, టెనెస్సీతో ప్లేఆఫ్‌లో తొమ్మిదిసార్లు, రామ్స్‌తో సూపర్ బౌల్‌లో ఏడుసార్లు. ఆ ఫైనల్ 23-20తో పోయింది. చివర్లో ఆశ పెట్టుకున్న బంతి కూడా ఆరన్ డొనాల్డ్ బరోను పట్టి తిప్పేయడంతోనే ముగిసింది. అటు ఏడో పిక్‌తో డెట్రాయిట్‌కు వెళ్లిన సూయెల్ 2023, 2024 రెండేళ్లూ ఆ ఏటి మేటి ఆటగాళ్ల జాబితా అయిన ఆల్‌ప్రో మొదటి జట్టులో ఉన్నాడు. మరి ఎవరిది ఒప్పు?

తర్వాతి బిల్లులు కూడా చూడాలి. 2022 మార్చిలో బెంగాల్స్ ముగ్గురు లైన్‌మెన్‌ను డబ్బు పోసి కొనుక్కుంది. 2024లో డెట్రాయిట్ సూయెల్‌కు నాలుగేళ్లకు 11.2 కోట్ల డాలర్లిచ్చింది. 2025లో బెంగాల్స్ చేజ్‌కు నాలుగేళ్లకు 16.1 కోట్లిచ్చింది. మంచి లైన్‌మెన్ మార్చి మార్కెట్‌లో దొరుకుతారు, చేజ్ లాంటి రిసీవర్ దొరికినా ఆ ధరకు అంటుకోలేం. అందుకే నన్నడిగితే నేనూ చేజ్‌నే తీసుకునేవాణ్ని. బెంగాల్స్ తప్పు ఐదో పిక్ దగ్గర లేదు. టాకిల్‌ను రెండో రౌండులో చూసుకుందామని ధీమాగా వెనక్కి జరిగి, 46వ పిక్‌తో జాక్సన్ కార్మన్‌ను తీసుకోవడంలో ఉంది. అప్పటికి ఖాళీ ఇంకా అలాగే ఉంది, మొదటి పిక్ దాన్ని నింపలేదన్న కంగారు కూడా తోడైంది. కార్మన్ ఆ లైన్‌లో ఎప్పుడూ కుదురుకోలేదు.